జోరీగ నోటి పనితనం

కాటారం చుట్టూ వానలు పడ్డాక కుంటల అంచులూ, వరి మళ్ల పక్క నేలా చిత్తడిగా మారతాయి. జోరీగకు కావలసింది అలాంటి చోటే. బర్రె మీద వాలుతుంది, తోక విసిరితే లేస్తుంది, మళ్లీ వాలుతుంది. తిట్టుకోవడం తేలికే. భూతద్దం కింద దాని నోరు చూస్తే మాత్రం, అంత చిన్న తలలో అన్ని పనిముట్లు ఎలా ఇమిడాయా అనిపిస్తుంది.

కింది పెదవే ఒర. అందులో ఆరు పనిముట్లు. రెండు చదునైన దవడలు కత్తెరలా అడ్డంగా ఆడి తోలును కోస్తాయి. పళ్లున్న మరో రెండు ముందుకూ వెనక్కూ కదులుతూ, లోపలి కండను పట్టుకుని కోతను లోతు చేస్తాయి. పైపెదవి నెత్తురు ఎక్కే కాలువ. ఆరోది సన్నని గొట్టం. దాని గుండా దిగే లాలాజలం నెత్తురును గడ్డకట్టనివ్వదు. దోమ రక్తనాళాన్ని వెతికి పీలుస్తుంది. జోరీగ నాళాలను తెంపి, గాయంలో ఊరిన నెత్తురు తాగుతుంది. అది లేచిపోయాక కూడా గాయం కారుతుంటే మామూలు ఈగలు వచ్చి ముసురుతాయి.

ఈ సరంజామా ఆడదానికే. మగదానికి కోసే దవడలు లేవు, పూల తేనెతో బతుకుతుంది. ఆడది నెత్తురు తాగేది గుడ్ల కోసం. నీటి మీదికి వంగిన ఆకులపై వందల గుడ్లు పొరలుగా పేరుస్తుంది. పిల్ల పురుగులు బురదలోకి రాలి, అక్కడ చిన్న జీవాలను వేటాడి పెరుగుతాయి. నీటి మీద, నల్లటి తోలు మీద పడి తిరిగొచ్చే వెలుగు ఎక్కువగా ఒకే దిశలో కంపిస్తుంది. దాన్ని జోరీగ కన్ను పసిగట్టి, నీటినీ పశువునూ కనిపెడుతుంది. నల్లావులకు తెల్ల చారలు పూస్తే కుట్టే ఈగల బెడద దాదాపు సగానికి తగ్గిందని జపాన్ పరిశోధకులు 2019లో చూపారు.

ఇంత పనితనంలో లోటు ఒక్కటే, నొప్పి. పశువు ఒళ్లు విదిలిస్తుంది. కడుపు నిండని జోరీగ తడి ఆరని మూతితో పక్క పశువు మీదికి పోతుంది. పశువులకు సర్రా జబ్బు పాకేది ఎక్కువగా ఇలాగే. ఆ జబ్బు పరాన్నజీవిని గ్రిఫిత్ ఎవాన్స్ 1880లో పంజాబ్‌లో గుర్రాలు, ఒంటెల నెత్తురులో చూశాడు. అది జోరీగ ఒంట్లో పెరగదు, మూతి మీది నెత్తురులో కాసేపు బతుకుతుందంతే. కాబట్టి జబ్బు పశువును మందకు దూరంగా కట్టేయడం పనికొచ్చే ఉపాయం: జోరీగ అక్కడి నుంచి ఇక్కడికి వచ్చేసరికి మూతి ఆరిపోవాలి.