బోంచె మౌనము

పోలండు దేశమునందలి జామోష్చ్ పట్టణమును 1580లో యాన్ జామోయిస్కి యను ప్రభువు స్థాపించెను. పాదువా నగరమునకు చెందిన బెర్నార్దో మొరాందో యను శిల్పి దానిని నిర్మించెను. ఆ పట్టణపు ప్రముఖుల నెన్నువారు మొదట వీరిద్దరిని స్మరించుట కద్దు. కాని లోకసాహిత్యమున ఆ యూరి పేరు నిలిపినవాడు 1852లో అచ్చట యూదు కుటుంబమున జన్మించిన యిసాక్ లైబుష్ పెరెట్స్. ఆయన న్యాయవాది. రష్యా ప్రభుత్వము ఆ వృత్తి చేయు నధికారమును తొలగింపగా వార్సా చేరి, యూదు సమాజపు కార్యాలయమున చిన్న యుద్యోగము చేయుచు 1915లో మరణించెను. పండితభాషయగు హీబ్రూ నేర్చియు, స్త్రీలును కూలివారును మాటలాడు యిడ్డిష్ భాషలో కథలు వ్రాసెను.

వానిలో 1894 నాటి 'మౌని బోంచె' ప్రసిద్ధము. బోంచె బరువులు మోయు కూలివాడు. ఆకలిగొన్నను, కూలి యెగవేసినను, తాను కాపాడిన ధనికుని బండియే తనపై నుండి పోయినను అతడు మనుజునితోగాని దైవముతోగాని మొరపెట్టలేదు. మరణించిన పిదప స్వర్గసభ అతనికి స్వాగతమిచ్చినది. అభియోగము మోపవలసిన దూత, 'ఇతడెప్పుడును మౌనియే. నేనును మౌనము వహింతు' ననెను. స్వర్గమంతయు నీదే, కోరుకొమ్మని న్యాయాధిపతి పలుకగా, బోంచె ప్రతిదినము ఉదయమున వెన్న రాచిన వేడి రొట్టె నొకదానిని కోరెను. సభవారు సిగ్గుతో తలలు వంచిరి, అభియోక్త నవ్వెను.

ఈ కథను సహనమాహాత్మ్యముగా చదువువారు కలరు. కరుణమే కవికి ఉద్దిష్టమైనచో వరప్రదానముతో కథ ముగియవలసినది. ఆ నవ్వుతో నేల ముగించెను? నవ్వు బోంచెను గూర్చి యని తోచును. కాని తలలు వంచినది న్యాయమూర్తులు. అన్యాయము పేదవాని రొట్టెనే కాక, కోరుకొను శక్తిని సైతము అపహరించునని యిందలి ధ్వని. ఆ నష్టమును స్వర్గమైనను పూరింపజాలదు. కథలో నాకు లోపముగా తోచున దొక్కటి: మౌనము వీడుట ఎట్లో పెరెట్స్ చూపడు.

చూపిన వనిత యొకతె ఆ యూరనే 1871లో జన్మించినది. రోజా లక్సెంబర్గ్ శైశవముననే కుటుంబముతో వార్సాకు పోయినను, పెరిగి కార్మికుల పక్షమున సభలలో ఎలుగెత్తి పలికెను. 1919 జనవరిలో బెర్లినులో హత్య చేయబడెను. ఆమె పేరుగల స్మారకఫలకమును 2018లో జామోష్చ్ పట్టణమున తొలగించిరి. ఆమె సిద్ధాంతములతో ఏకీభవింపనివారును ఒక్క ప్రశ్న వేసికొనవలెను: మౌనినే మన్నించి, పలికినవారి పేరు చెరపివేయు సమాజము ఎవరిని పెంచుచున్నది?

1942లో నాజీలు ఆ పట్టణపు యూదులను బెల్జెత్స్ వధ్యస్థలమునకు పంపిరి. పెరెట్స్ వ్రాసిన భాష ఆ వీథులలో మూగవోయెను. కథ మాత్రము మిగిలినది.

చదువరులారా! ఇంట నోరు మెదపని కోడలిని, జీతమడుగని పనివానిని 'ఎంత సాధువు' అని పొగడునపుడు, ఆ సభలో తల వంచినవారిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. పొగడుటకు ముందు, వారికేమి కావలెనో యడుగుడు.