తొలి చిగురుకు తగినంత వేడి

ఏటా ఏప్రిల్ మధ్యలో ఒక తెల్లవారుజామున జపాన్‌లోని షిజుఓకా టీ మార్కెట్ కిక్కిరిసిపోతుంది. ఆ ఏడాది తొలి బేరాల రోజది. నల్లటి పళ్లాల్లో పోసిన ఆకును వ్యాపారులు గుప్పెడు తీసి వేళ్ల మధ్య నలుపుతారు, వాసన చూస్తారు, సొరోబాన్ అనే పూసల చట్రం మీద ధర చూపించుకుంటారు. బేరం కుదిరితే కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ కలిసి మూడుసార్లు చప్పట్లు చరుస్తారు. అక్కడ చేతులు మారే సరుకు పేరు షించా. శీతాకాలమంతా నిద్రపోయిన టీ మొక్క వసంతంలో వేసిన మొదటి చిగురుతో చేసిన గ్రీన్ టీ అది.

మనకు టీ అంటే మరగాలి. పొడి ఉడికి రంగు దిగాలి, పాలు పొంగాలి, అల్లమో యాలకులో పడాలి. షించాను అలా పొయ్యి మీద పెడితే గడ్డి కషాయం తయారవుతుంది. ‘గ్రీన్ టీ చేదు, ఆరోగ్యం కోసం మందులా మింగాలి’ అనుకునేవాళ్లలో చాలామంది తాగింది చేదు ఆకు కాదు, ఎక్కువ వేడి తగిలిన ఆకు. తోటలో మంచును కాచుకోవడం మొదలు కప్పులోకి వంచే దాకా షించా విద్యంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది: ఎంత వేడి, ఎంతసేపు?

తోటలో

జపాన్ సంప్రదాయ పంచాంగంలో వసంతారంభం ఫిబ్రవరి 4 ప్రాంతంలో వస్తుంది. అక్కడి నుంచి లెక్కపెడితే 88వ రోజు మే 1 లేదా 2న పడుతుంది. ఆ రోజు కోసిన టీ తాగితే ఏడాదంతా ఆరోగ్యంగా ఉంటారని నమ్మకం. ఈ లెక్క వెనక రైతు అనుభవం కూడా ఉంది. ఆ రోజు దాటితే ఇక మంచు పడదని, చిగుళ్లు మాడిపోయే భయం తీరినట్టేనని వాళ్లు ధైర్యంగా ఉండేవారు. 1912లో పాఠ్యపుస్తకాలకెక్కిన ‘చాత్సుమి’ అనే పిల్లల పాట వల్ల ఈ తేదీ జపాన్‌లో చిన్నవాళ్లకు కూడా తెలుసు.

కోత మాత్రం అన్నిచోట్లా ఒకేసారి రాదు. దక్షిణాన తనెగషిమా దీవిలో మార్చి చివరికే మొదలవుతుంది. ఏప్రిల్‌లో కగోషిమా, ఆ తర్వాత షిజుఓకా, మే నెలలో క్యోటో పక్కనున్న ఉజి, టోక్యోకు ఎగువన ఉన్న సయమ వంతు. కొండల మీది తోటలు ఇంకా ఆలస్యం. తనెగషిమా టీ ముందుగా వస్తుంది కనుక దానికి ధర పలుకుతుంది. అంతమాత్రాన అదే గొప్పదని కాదు. షిజుఓకాలోని కవనె, హోన్‌యమ వంటి కొండ ప్రాంతాల్లో చలికి నెమ్మదిగా పెరిగిన చిగురుకుండే సువాసన వేరు.

తొలి కోతకు అంత రుచి ఎందుకంటే, టీ మొక్క థియనిన్ అనే అమైనో ఆమ్లాన్ని వేళ్లలో తయారుచేసుకుంటుంది. వసంతంలో అది కొత్త చిగుళ్లలోకి ఎక్కుతుంది. కప్పులో మనకు తగిలే తీపి, సూపులో ఉండేలాంటి కమ్మదనం దానివల్లనే. ఆకు మీద ఎండ పడేకొద్దీ థియనిన్ తగ్గుతుంది, వగరునిచ్చే కాటెకిన్లు పెరుగుతాయి. అందుకే జూన్‌లో వచ్చే రెండో కోతలో, ఆపైన మూడో కోతలో కమ్మదనం పలచబడి వగరు ముందుకొస్తుంది. గ్యొకురో అనే ఖరీదైన టీ కోసం కోతకు ముందు మూడు వారాల పాటు తోటకు పందిరి కప్పేదీ ఇందుకే. ఎండను ఆపితే థియనిన్ మిగులుతుంది.

షిజుఓకా తోటల్లో స్తంభాల మీద పెద్ద ఫ్యాన్లు కనిపిస్తాయి. చల్లటి రాత్రుల్లో నేలను ఆనుకుని చలిగాలి పేరుకుంటుంది, దానికి కొన్ని మీటర్ల పైన వెచ్చటి గాలి ఉంటుంది. ఫ్యాన్లు ఆ పైగాలిని కిందికి తోసి చిగుళ్ల మీద మంచు పేరుకోకుండా చూస్తాయి. రెండు మూడు డిగ్రీల తేడా ఏడాది పంటను కాపాడుతుంది.

ఆవిరిలో

కోసిన ఆకులోని ఎంజైములు వెంటనే పని మొదలుపెడతాయి. వాటిని వదిలేస్తే ఆకు ఆక్సీకరణం చెంది నల్లబడుతుంది. మనం రోజూ తాగే అస్సాం టీ అలా తయారైందే. జపాన్‌లో ఆకు ఫ్యాక్టరీకి చేరిన వెంటనే ఆవిరి పట్టి ఆ మార్పును ఆపేస్తారు. చైనాలో ఎక్కువగా వేడి మూకుడులో వేయించి ఆపుతారు కనుక అక్కడి గ్రీన్ టీలో వేపుడు వాసన, జపాన్ టీలో పచ్చి ఆకు, సముద్రపు నాచు వాసన ఉంటాయి. మిగతా తేడాలన్నీ దీని తర్వాతే.

ఇలా ఆవిరి పట్టి, నలిపి ఆరబెట్టే ఆకు టీని సెంచా అంటారు, షించా కూడా సాధారణంగా ఈ రకమే. నేటి సెంచా పద్ధతికి ఆద్యుడు నగతని సోయెన్. ఉజి దగ్గరి యుయదని గ్రామానికి చెందిన రైతు. ఏళ్ల తరబడి ప్రయత్నించి 1738లో ఆకుకు ఆవిరి పట్టి, కింద నుంచి వేడి తగిలే బల్ల మీద చేత్తో నలుపుతూ ఆరబెట్టే పద్ధతిని కుదిర్చాడు. అప్పటిదాకా సామాన్యులు తాగే టీ గోధుమరంగులో ఉండేది. ఆయన టీ పచ్చగా, పరిమళంగా దిగింది. దాన్ని ఎదో నగరానికి, అంటే నేటి టోక్యోకు తీసుకెళ్లి యమమొతో కహెయి అనే వర్తకుడి ద్వారా అమ్మకానికి పెట్టాడు.

చేత్తో నలపడం గంటల తరబడి సాగే శ్రమ. ఆకు లోపలి తేమను పైకి తెస్తూ, పైన ఆరిన తేమకు సరిపడా మళ్లీ నలుపుతూ, చివరికి ఒక్కో ఆకును సూదిలా చుట్టాలి. తకబయషి కెంజో అనే వైద్యుడు ఈ పనిని యంత్రాలకు అప్పగించాడు. జపాన్‌లో పేటెంట్లు మొదలైన 1885లో 2, 3, 4 నంబర్ల పేటెంట్లు ఆయన టీ యంత్రాలవే. నేటి ఫ్యాక్టరీల్లో యంత్రాలు వరసగా చేసేది కూడా ఆ చేతుల కదలికలనే.

ఆవిరి ఎంతసేపు పట్టారన్న దాన్నిబట్టి కప్పు మారిపోతుంది. మామూలు సెంచాకు 30, 40 సెకన్లు. ఆకు సూదిలా నిలుస్తుంది, టీ లేత పసుపులో తేటగా, పరిమళం ముందుగా వస్తుంది. ఎక్కువసేపు ఆవిరి పట్టే ఫుకముషి రకానికి అంతకు రెట్టింపు, ఇంకా ఎక్కువ. ఆకు పొడిపొడిగా విరుగుతుంది, టీ చిక్కటి ఆకుపచ్చగా దిగుతుంది, వగరు తగ్గి నోట్లో నిండుగా ఉంటుంది. మకినొహర వంటి మైదానాల్లో బాగా ఎండ తిన్న మందపాటి ఆకు వగరును లొంగదీయడానికి రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఈ పద్ధతి వ్యాపించింది. కొండ ఆకుకు కొద్ది ఆవిరి, మైదానపు ఆకుకు ఎక్కువ ఆవిరి అన్నది స్థూలంగా లెక్క.

ఇలా తయారైన ముడి టీని అరాచా అంటారు. అమ్మకానికి ముందు దాన్ని జల్లించి, కాడలు వేరు చేసి, మరోసారి వేడి పెడతారు. ఏడాదంతా అమ్మే టీకి ఈ చివరి వేడి గట్టిగా పెడితే వేపుడు కమ్మదనం వస్తుంది. షించాకు మాత్రం తేలిగ్గా పెట్టి వదిలేస్తారు. పచ్చి ఆకు నలిపినప్పుడు వచ్చే వాసన పోకూడదని వాళ్ల పట్టుదల. ఆ వాసన నిలవ ఉండదు, అందుకే షించాకు అంత తొందర.

ఇదే కథలో మన దేశానికీ ఒక చోటుంది. గ్రీన్ టీ ఒక్కటే చాలదు, బ్లాక్ టీ కూడా ఎగుమతి చేయాలనుకున్న జపాన్ మెయిజీ చక్రవర్తి ప్రభుత్వం 1876లో తాదా మొతోకిచి అనే మాజీ సమురాయ్‌ని డార్జిలింగ్, అస్సాంలకు పంపింది. ఆయన పని నేర్చుకుని, విత్తనాలతో తిరిగివెళ్లి షిజుఓకాలోని మరికోలో నాటాడు. ఆక్సీకరణాన్ని ఆపే విద్యలో ఆరితేరిన నేల నుంచి వచ్చి, దాన్ని సాగనిచ్చే విద్యను మన తోటల్లో నేర్చుకున్నాడు.

కప్పులో

వేడి కొలతలో ఇంతవరకు ఎందరో జాగ్రత్త పడ్డారు. చివరి వంతు మనది. థియనిన్ గోరువెచ్చటి నీళ్లలో కూడా బాగా దిగుతుంది. వగరు కాటెకిన్లు, కెఫీన్ నీళ్లు వేడెక్కేకొద్దీ ఎక్కువగా దిగుతాయి. ఈ ఒక్కటి గుర్తుంటే మిగతా పద్ధతంతా మనమే కట్టుకోవచ్చు.

ఇద్దరికి 5 గ్రాముల ఆకు, 150 మిల్లీలీటర్ల నీళ్లు చాలు. నీళ్లను ముందు మరిగించి, తర్వాత 70 డిగ్రీల దాకా చల్లార్చాలి. థర్మామీటర్ అక్కర్లేదు. ఒక పాత్ర నుంచి ఇంకో చల్లటి పాత్రలోకి వంచినప్పుడల్లా సుమారు 10 డిగ్రీలు తగ్గుతుంది. జపాన్‌లో ఇందుకు యుజమషి అనే మూతిగల గిన్నె వాడతారు. తిరగబోయడం మనకు తెలిసిన పనే, రెండు గ్లాసులు చాలు. మే నెల ఎండల్లో మాత్రం ఇంకాస్త ఆగండి.

జపాన్‌వాళ్లు టీ పోసే క్యూసు మట్టి కూజాకు పిడి పక్కకు ఉంటుంది. తొకొనమె ఊరి ఎర్రమట్టి క్యూసులు పేరుమోసినవి. అది దొరక్కపోతే మూత, సన్నటి వడపోత ఉన్న చిన్న టీపాట్ సరిపోతుంది. ఆకు మీద నీళ్లు పోసి, మూతపెట్టి, మామూలు సెంచా అయితే ఒక నిమిషం, ఫుకముషి అయితే అర నిమిషం కదపకుండా ఉంచాలి. ఊపితే, చెంచాతో తిప్పితే చేదు దిగుతుంది. తర్వాత ఒక కప్పు నింపి రెండోది నింపడం కాకుండా, రెంటిలోనూ కొంచెం కొంచెంగా అటూ ఇటూ పోయాలి. అప్పుడే చిక్కదనం సమానంగా ఉంటుంది. ఆఖరి చుక్క దాకా వంచేయాలి. ఆ చుక్కల్లోనే రుచి చిక్కగా ఉంటుంది, పైగా లోపల నీళ్లు మిగిలితే రెండో విడత చేదెక్కుతుంది.

ఆకు అప్పటికే విచ్చుకుంది కనుక రెండో విడతకు నీళ్లు ఇంకాస్త వేడిగా, 80 డిగ్రీల్లో పోసి పది పదిహేను సెకన్లలో వంచేయవచ్చు. మూడో విడతకు ఇంకా వేడి. మొదటి కప్పులో తీపి, రెండోదానిలో వగరూ పరిమళమూ, మూడోది దాహానికి. మిగిలిన లేత ఆకును పారేయరు, సోయాసాస్ చుక్కలు చల్లి తింటారు. నిమ్మరసం, ఉప్పు చల్లినా బాగుంటుంది.

చన్నీళ్లు ఇంకా సులువు. లీటరు నీళ్లలో 15 గ్రాముల ఆకు వేసి ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలుంచితే చేదు దాదాపు లేని టీ వస్తుంది. ఆకు మీద ఐస్ ముక్కలు పెట్టి అవి కరిగేదాకా ఆగితే కొద్ది గుక్కల చిక్కటి తీపి దిగుతుంది. కెఫీన్ కూడా తక్కువే. మన వేసవికి ఈ పద్ధతి నప్పుతుంది.

నీళ్ల సంగతి మరిచిపోకూడదు. జపాన్ నీళ్లు ఎక్కువచోట్ల మెత్తనివి. మన ఊళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ. వాటిలో షించా రంగు మందగిస్తుంది, వాసన చచ్చిపోతుంది. ఫిల్టర్ నీళ్లే వాడండి.

కొత్తదే గొప్పదా?

మన ఇళ్లలో కొత్త బియ్యం కన్నా పాత బియ్యానికే విలువ. ఉజి టీ పెద్దలదీ అదే మాట. పందిరి నీడలో పెంచి, పొడి చేసి తాగే మాచ్చాకు వాడే ఆకును మేలో కోసి, జాడీల్లో సీలు వేసి, వేసవంతా నిలవ ఉంచి నవంబరులో తెరుస్తారు. పచ్చివాసన పోయి రుచి కుదురుకుంటుందని అలా ఆగుతారు. సైనిక పాలకులైన షోగన్ల కాలంలో ఉజి నుంచి ఎదోకు టీ జాడీలు ఊరేగింపుగా వెళ్లేవి, దారిలో జనం వంగి దండం పెట్టాల్సి వచ్చేది. తొకుగవ వంశపు తొలి షోగన్ ఇయెయసు తన టీని వేసవి వేడి తగలకుండా షిజుఓకా ఎగువన ఇకవ కొండల్లో దాచేవాడని చెబుతారు.

కాబట్టి షించా అన్నిటికన్నా మేలైన టీ అనడం సరికాదు. నిలవ ఉంచిన టీలోని లోతు దీనికి లేదు. దీనిలో ఉన్న తాజా వాసన దానికి లేదు. సంప్రదాయం రెంటినీ ఉంచుకుంది, ఒక్కోదానికి ఒక్కో కాలం కేటాయించింది.

ఇప్పుడు ఆ సమతూకం కదులుతోంది. జపాన్ ఇళ్లలో సీసా టీ వచ్చాక క్యూసు మూలకు చేరింది. ప్రపంచమంతా మాచ్చా అడుగుతుండటంతో సెంచా తోటలు పందిళ్ల కిందికి వెళ్తున్నాయి. యంత్రాలతో కోయడానికి వీలైన చదును నేలలున్న కగోషిమా 2024లో అరాచా ఉత్పత్తిలో షిజుఓకాను తొలిసారి దాటింది. నిటారు కొండవాలుల్లో కోసే రైతులు వయసు మీదపడి తప్పుకుంటున్నారు. కొండ షించా తాగేవాళ్లు లేకపోతే, ఆ విద్యతో పాటు ఆ రుచి కూడా పోతుంది.

మీరు కొనదలిస్తే కొన్ని మాటలు. మే, జూన్ నెలల్లోనే కొనండి. ప్యాకెట్ మీద ఏ ఏడాది కోతో, ఏ ప్రాంతమో చూడండి. 50 లేదా 100 గ్రాములకు మించి తీసుకోవద్దు. ఫ్రిజ్‌లో దాచిన ప్యాకెట్‌ను బయటపెట్టి గది వేడికి వచ్చాకే కత్తిరించండి, లేకపోతే గాలిలోని తేమ ఆకు మీద పేరుకుంటుంది. తెరిచాక మసాలా డబ్బాల పక్కన పెట్టకండి, ఆకు ఆ వాసనలన్నీ పీల్చుకుంటుంది. లేత ఆకులో కెఫీన్ ఎక్కువ కనుక నిద్ర పట్టనివాళ్లు సాయంత్రం మానుకోవడం మంచిది. పాలూ చక్కెరా కలపకుండా కనీసం మూడు విడతలు తాగి చూడండి. విప్పిన ప్యాకెట్‌ను నెలలోపు పూర్తి చేయండి. పండక్కో చుట్టాలకో అని దాస్తే మిగిలేది ఖరీదైన మామూలు టీ.