కుండీలో చేవెళ్ల మర్రి

బోన్సాయ్ నేర్చుకోవాలనుకునేవాళ్లు ముందుగా అల్యూమినియం తీగ, కత్తెర కొని, ఫోన్లో వీడియోలు పెట్టుకుంటారు. హైదరాబాద్ వాళ్లకైతే అంతకన్నా మంచి బడి అప్పా జంక్షన్ దాటగానే మొదలవుతుంది. అక్కడి నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల బీజాపూర్ రోడ్డు. దానికి రెండు వైపులా నిజాం కాలం నాటి మర్రిచెట్లు, 900కు పైగా. రోడ్డు వెడల్పు చేయడానికి వీటిని కొట్టేయాలన్నప్పుడు ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. ఆ సంగతి అలా ఉంచి, ఒకసారి బండి పక్కకు ఆపి ఒక మానును మొదలు నుంచి పైదాకా చూడండి.

వేళ్లు నలువైపులా పాకి నేలను పట్టుకుని ఉంటాయి. మాను పొట్టిగా, లావుగా లేచి, కొద్ది ఎత్తులోనే పెద్ద కొమ్మలుగా చీలుతుంది. కొమ్మలు పక్కలకు సాగుతాయి. ఎత్తుకన్నా గొడుగు వెడల్పే ఎక్కువ. నర్సరీల్లో బోన్సాయ్ అని అమ్మే ఎస్ ఆకారపు వంకర ఈ దారిలో వెతికినా దొరకడం కష్టం. లేత మొక్కలో ముసలి చెట్టు పోలికలు రప్పించడమే బోన్సాయ్ పనంతా. కాబట్టి ఆ పోలికలేమిటో ముందు కంటికి పట్టాలి.

చైనాలో పుట్టి జపాన్‌లో పదునెక్కిన ఈ విద్యలో పైన్, జునిపర్ చెట్లకు పెద్దపీట. మన రంగారెడ్డి జిల్లా ఎండలకు అవి తట్టుకోవడం కష్టం. మర్రి, రావి, జువ్వి, చింత మనకు నప్పుతాయి. మర్రిని కొనక్కర్లేదు కూడా. పాత గోడ పగుళ్లలో, పిట్టగోడల మీద పక్షులు వేసిన గింజలు మొలుస్తూనే ఉంటాయి. గోడ పాడవుతుందని ఎలాగూ పీకేస్తారు. ఇరుకులో పెరిగిన ఆ మొక్కల మొదళ్లు అప్పటికే లావెక్కి ఉంటాయి. నేర్చుకునేవాడికి అంతకన్నా ఏం కావాలి?

రోహిణి ఎండలు తగ్గి మృగశిర జల్లులు పడ్డాక పని మొదలుపెట్టాలి. పుల్లతో పైమట్టి గీకి వేళ్లు ఎక్కడ విప్పారుతున్నాయో చూడాలి. అదే చెట్టు మొదలు. అక్కడి నుంచి చుట్టూ తిప్పి చూసి, ఏ వైపు నుంచి మాను బాగుందో ఆ వైపును ముఖంగా ఎంచుకోవాలి. ఈ రెండు పనులు చేయకుండా కత్తెర పట్టకూడదు.

తొందరపడేవాళ్లంతా పొరపాటు చేసేది తర్వాతి మెట్టులోనే. చిన్న పళ్లెంలాంటి కుండీలోకి మార్చేస్తే మాను ఇక లావెక్కదు. పెద్ద తొట్టిలోనో నేలలోనో విచ్చలవిడిగా పెరగనివ్వాలి. మొదలు బలిశాక మానును కింది భాగంలోనే నరికి, కోత దగ్గర వచ్చిన చిగుళ్లలో ఒకదాన్ని కొత్త మానుగా నిలపాలి. అదీ బలిశాక మళ్లీ నరకాలి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే కింద లావు, పైకి పోనుపోను సన్నం అవుతుంది. ఏళ్లు పట్టే పని ఇది. కోసినచోట పాలు కారతాయి, నీళ్లు చిలకరిస్తే ఆగిపోతాయి.

తీగ వంతు ఆ తర్వాత. కొమ్మ మందంలో మూడోవంతు తీగ చాలు. ముందు మానుకు ఒకటి రెండు చుట్లు బిగించి, అక్కడి నుంచి కొమ్మ మీదికి 45 డిగ్రీల ఏటవాలుగా చుట్టాలి. వంచేటప్పుడు వంపు లోపలివైపు బొటనవేలు ఆనించి, కొంచెం కొంచెంగా వంచాలి. చిటుక్కుమంటే అక్కడితో ఆపేయాలి. వానాకాలంలో మర్రి ఎంత వేగంగా లావెక్కుతుందంటే, కొన్ని వారాలకే తీగ బెరడులోకి దిగిపోతుంది. ఆ మచ్చ త్వరగా పోదు. తీసేటప్పుడు విప్పబోతే కొమ్మ విరుగుతుంది. ప్రతి చుట్టునూ కటర్‌తో తుంచి తీయాలి.

ఊడల కోసం ఆరాటం వద్దు. మన పొడి గాలిలో అవి త్వరగా దిగవు. గాలిలో తడి నిలిచే ముసురు రోజుల్లో మొలకెత్తిన వేరుకు ప్లాస్టిక్ స్ట్రా తొడిగి, లోపల తడి నాచు పెడితే మట్టిని చేరుకుంటుంది. మట్టి కూడా ముఖ్యమే. జల్లెడ పట్టిన ఎర్రమట్టి, ఇటుక ముక్కలు, ఇసుక, కొద్దిగా వర్మీకంపోస్టు కలిపితే నీరు నిలవదు. ఎండాకాలంలో రెండు పూటలా నీళ్లు పోయాలి.

వాస్తు పేరు చెప్పి బోన్సాయ్ ఇంట్లో వద్దంటారు. కారణం వేరైనా నాదీ అదే మాట: దాని చోటు ఎండలోనే. మొక్కను హింసిస్తున్నారనేవాళ్లు యమాకి వైట్ పైన్ గురించి చదవాలి. 1625 నుంచి కుండీలో పెరుగుతున్న ఆ చెట్టు 1945లో హిరోషిమా అణుబాంబును తట్టుకుంది. 1976లో అమెరికాకు కానుకగా చేరి, ఇప్పటికీ వాషింగ్టన్‌లో బతికే ఉంది.

రెడీమేడ్ బోన్సాయ్‌కు వేలు పోయకండి. ఈ వానాకాలం గోడ మీది మర్రి మొలకను వేళ్లు తెగకుండా తీసి పెద్ద తొట్టిలో నాటండి. మొదటి ఏడాదంతా దాని జోలికి వెళ్లకండి.