చెరిపినా చెరగని పాఠం
ఫైళ్లలో చేసే మార్పులను భద్రపరిచే గిట్ సాఫ్ట్‌వేర్‌ను నేర్పే మాస్టారు ముందు భయం పోగొడతారు. ల్యాబ్‌లో ఓ అమ్మాయి చేత నాలుగు లైన్ల ఫైలు రాయించి, ‘గిట్ యాడ్’, ‘గిట్ కమిట్’ కొట్టించి దాన్ని గిట్‌లో భద్రం చేయిస్తారు. తర్వాత ఆ ఫైలును ఆమె చేతే డిలీట్ చేయిస్తారు. గుండె గుభేలుమంటుంది. ‘గిట్ రీస్టోర్’ అని ఫైలు పేరు కొట్టగానే అది చెక్కుచెదరకుండా తిరిగొస్తుంది. అప్పుడా ముఖంలో వెలుగు చూడాలి! కమిట్ మెసేజ్‌లో ‘మార్పులు’ అని ముక్తసరిగా రాస్తే ఆయన ఒప్పుకోరు. “ఎందుకు మార్చావో ఆర్నెల్ల తర్వాత నీకే తెలిసేలా రాయమ్మా” అంటారు. ఇద్దరు ఒకే లైను మార్చి కాన్‌ఫ్లిక్ట్ వస్తే, పక్కపక్కనే కూర్చోబెట్టి, రెండూ చదివించి, ఏది ఉంచాలో వాళ్లనే తేల్చుకోమంటారు. చివరికి ఓ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో అక్షరదోషం దిద్దించి, ఆ మార్పును చేర్చుకోమని కోరే మొదటి పుల్ రిక్వెస్ట్‌ను వాళ్ల చేతే పంపిస్తారు. తప్పు చేసినా దిద్దుకోవచ్చన్న ధైర్యం, పదిమందితో కలిసి పనిచేసే మర్యాద నేర్పే ఆ ఓపికకు చేతులెత్తి మొక్కాలి.