దమయంతి చీర – ఒక పరిశీలన

చూలై వంటి పేటల్లోని పాత తెలుగు ఇళ్ళల్లో దేవుడి పటాల సరసన రవివర్మ 'హంస దమయంతి' కనిపించడం వింత కాదు. శ్రీనాథుని శృంగార నైషధం చదవబోయే విద్యార్థికి పద్యం కన్నా ముందే ఆ పటం పరిచయం. చిక్కు అక్కడే మొదలవుతుంది.

రవివర్మ ఆ చిత్రాన్ని 1899లో వేశాడు. శ్రీనాథుడు అంతకు సుమారు ఐదు వందల ఏళ్ళ ముందటివాడు. కనుక దమయంతి ఎర్రచీర, కుచ్చెళ్ళు, పైట నైషధకాలపు వేషానికి సాక్ష్యం కావు. అవి పందొమ్మిదో శతాబ్ది చివరి సంపన్న కుటుంబ స్త్రీ మర్యాదకూ, కలిమికీ ప్రతీకలు.

ఇదే చిత్రకారుడు 1889లో మైసూరు ప్రభువు కోసం వేసిన గాయనీమణుల చిత్రంలో పదకొండుమంది స్త్రీలున్నారు. అక్కడ వేషం ప్రాంతాన్నీ మతాన్నీ చెబుతుంది. వీణ పట్టిన నాయరు స్త్రీ ముండును బట్టే పోల్చుకోవచ్చు. పౌరాణిక చిత్రాలకు వచ్చేసరికి ఆ భేదాలు చాలావరకు చెరిగిపోయి, చీర దేశమంతటికీ ఉమ్మడి వేషమైంది. 1894లో బొంబాయిలో నెలకొన్న రవివర్మ ముద్రణాలయం ఆ వేషాన్ని ఇంటింటికీ చేర్చింది.

అదే శతాబ్దిలో ఫిలడెల్ఫియా నుంచి వెలువడిన గోడీస్ లేడీస్ బుక్ వంటి పత్రికల రంగుల బొమ్మలు ఈ ఏడు ఏది కట్టాలో చెప్పేవి. రవివర్మ పటాలు మనవాళ్ళు అనాదిగా ఏది కట్టారో చెబుతున్నట్లు భ్రమ కలిగించాయి. మొదటిది ఫ్యాషన్ అని అందరికీ తెలుసు. రెండోదాన్ని సంప్రదాయమని నమ్మాం.

ఇందుకు రవివర్మను తప్పుపట్టనక్కరలేదు. పురాణ నాయికలకు తమ కాలపు వేషం తొడగడం మన కవులూ చేసిన పనే. అయితే పద్యం చదివిన ప్రతివాడూ తన దమయంతిని తాను ఊహించుకోవాలి. అచ్చుబొమ్మ ఆ అవకాశాన్ని తగ్గిస్తుంది. పొలం పనుల్లో స్త్రీలు కట్టిన గోచీకట్టు కూడా మన కట్టే. దానికి ఈ 'సంప్రదాయం'లో చోటు దక్కలేదు.

తెలుగునాటికి వెలుపల పెరిగినవారికి ఈ జాగ్రత్త మరీ అవసరం. ఊరు దూరమైన కొద్దీ పటమే ఊరనిపిస్తుంది. చూలైకి దగ్గరలోనే ఉన్న ఎగ్మూరు మ్యూజియంలో రవివర్మ మూలచిత్రాలు ఉన్నాయి. వాటిని తీరికగా చూడండి. తరువాత పటాన్ని పక్కన పెట్టి నైషధం తెరవండి. అప్పుడు కనిపించే దమయంతి ఏ చీర కట్టిందో శ్రీనాథుణ్ణే అడగవచ్చు.