టైరు పుట్టిన వారం

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో ఉండే మన తెలుగువాళ్లు దూరాభారాలకి కారు తీయరు. శ్రీకాకుళం, విజయనగరం వైపు పెళ్లికో పేరంటానికో వెళ్లాలంటే కోర్బా–విశాఖ లింక్ ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది. 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తయినప్పటి నుంచీ మన రాకపోకలు ఆ పట్టాల మీదే. కారు ఉన్నది బుధవారీ బజారుకి, ఆస్పత్రికి, స్టేషనుకి, నవరాత్రుల్లో రతన్‌పూర్ మహామాయ గుడికి. మిగతా కాలమంతా క్వార్టరు ముందు ఎండలో పడి ఉంటుంది.

టైర్ల గురించి మనం చెప్పుకునే లెక్కలు మాత్రం టాక్సీవాళ్లవి. ఫలానా కంపెనీది యాభై వేలు వస్తుందట, ఇంకోటి నలభైకే అరిగిపోతుందట! ఏడాదికి మూడు నాలుగు వేల కిలోమీటర్లు తిరిగే ఆల్టోకి యాభై వేలంటే పన్నెండేళ్ల పైమాట. రబ్బరు అన్నాళ్లు ఆగదు. బండి కదిలినా కదలకపోయినా ఎండకీ గాలిలోని ఓజోనుకీ గట్టిపడుతుంది, సైడు వాల్ మీద సన్నగా బీటలిస్తుంది. మే నెలలో నలభై అయిదు డిగ్రీలు చూసే ఊళ్లో మన కార్ల టైర్లు అరిగి పోవడం తక్కువ, ముసలివై పోవడమే ఎక్కువ. అందుకే నేను దుకాణంలో మొదట అడిగేది కంపెనీ పేరూ ధరా కాదు, తయారీ తేదీ.

అది టైరు మీదే ఉంటుంది. డాట్ అనే అక్షరాల తర్వాత వచ్చే వరసలో చివర కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు. 3524 అని ఉంటే 2024వ సంవత్సరం, 35వ వారం, అంటే ఆగస్టు ఆఖరు. చాలా టైర్లకి ఈ నాలుగంకెలు ఒక పక్కనే ఉంటాయి. బిగించేవాడు ఆ పక్కని లోపలికి తిప్పేశాడా, తర్వాత చూసుకోవాలంటే కారు కింద పడుకోవాల్సిందే. లోపలా బయటా వేరువేరు గాట్లున్న రకం కాకపోతే, ఏదో ఒక వైపుకే తిరగాలని బాణం గుర్తు లేకపోతే, తేదీ ఉన్న పక్క బయటికి పెట్టమని ముందే చెప్పాలి. కుర్రాడు వింతగా చూస్తాడు గానీ పెడతాడు.

పాత ఆల్టో 800 సైజు 145/80 ఆర్ 12. వెడల్పు 145 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో 80 శాతం, ఆర్ అంటే రేడియల్, రిమ్ము 12 అంగుళాలు. దాని పక్కన 74టి అని ఉంటే ఒక్కో టైరు 375 కిలోలు మోస్తుంది, గంటకి 190 కిలోమీటర్ల వేగం తట్టుకుంటుంది. లింక్ రోడ్డు మీద ఆ వేగం ఎవరికి కావాలి? కాబట్టి అంతకంటే ఖరీదైన రకం జోలికి పోనక్కర్లేదు. చిక్కల్లా సరుకు పాతబడటంలోనే ఉంది. ఆ కారు తయారీ 2023లో ఆగిపోయింది, కొత్త చిన్నకార్లు 13, 14 అంగుళాలకి మారిపోయాయి. గిరాకీ తగ్గిన సైజు అటక మీద ఏళ్ల తరబడి కూర్చునే అవకాశం ఎక్కువ. రెండేళ్ల కిందటి టైరుకి పదిశాతం తగ్గిస్తానంటే నేను ఒప్పుకోను. ఆర్నెల్లలోపుదైతే రెండు మూడు వందలు ఎక్కువైనా ఇచ్చేస్తాను.

చవక టైరు అనగానే ఊరూపేరూ లేని సరుకని భయం. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టింది, దాంతో ఆ బాపతు చాలా వరకు తగ్గిపోయింది. ఐఎస్ఐ గుర్తూ, ఐఎస్ 15633 అనే అంకే ఉన్నాయో లేదో చూస్తే చాలు. చిన్నకారుకి దొరికే చవక టైర్లు చాలా వరకు పెద్ద కంపెనీల కింది మెట్టు సరుకే. 1946లో మద్రాసులో బెలూన్లు చేసుకుంటూ మొదలైన ఎంఆర్ఎఫ్‌కి ఇవాళ తెలంగాణలో సదాశివపేట దగ్గర ఫ్యాక్టరీ ఉంది, అపోలోకి తిరుపతి జిల్లా చినపాండూరులో ఉంది. మన జనం చేతుల మీదుగా వచ్చే టైర్లే! 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది కూడా. బిల్లు లేకుండా ఇంకో వంద తగ్గిస్తానంటే మాత్రం వద్దనండి, వారంటీకి ఆ కాగితమే ఆధారం. అరిగిన టైరుకి కత్తితో గాట్లు లోతు చేసి అమ్మే సెకండ్‌హ్యాండ్ సరుకు దరిదాపులకి కూడా పోవద్దు. లోపలి గుడ్డకీ రోడ్డుకీ మధ్య ఉన్న కాస్త రబ్బరూ ఆ కత్తికే పోయి ఉంటుంది.

మా వీధిలో టీఎక్స్ఆర్‌గా, అంటే రైలు బండ్లని తనిఖీ చేసే ట్రెయిన్ ఎగ్జామినర్‌గా రిటైరైన మావయ్యగారు ఒకరున్నారు. సర్వీసంతా గూడ్స్ బండి పక్కన సుత్తి, టార్చిలైటు పట్టుకుని నడిచిన మనిషి. పాత రోజుల్లో రైలు చక్రానికీ టైరుండేదని ఈ తరానికి తెలియదు. ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా కాల్చి ఎక్కించినట్టే, ఉక్కు టైరుని వేడిచేసి చక్రానికి తొడిగేవాళ్లు. చల్లారితే బిగుసుకునేది. సుత్తితో కొడితే ఖంగుమనాలి, మొద్దుగా మోగిందంటే వదులైనట్టో పగిలినట్టో. అరిగితే లేతు మీద పెట్టి మళ్లీ ఆకారం తెచ్చేవాళ్లు. అంత పరీక్ష చేసిన చెయ్యి సొంత కారు టైరుని ఎన్నడూ తడమలేదు. "ఇది రబ్బరు కదా బాబూ, దీనికేం తెలుస్తుంది?" అంటారు.

తెలుస్తుంది. అరచేతిని టైరు మీద లోపలి అంచు నుంచి బయటికి ఓసారి, బయటి నుంచి లోపలికి ఓసారి రాయాలి. ఒక దిక్కు నున్నగా, రెండో దిక్కు రంపంలా తగిలితే అలైన్‌మెంట్ పోయిందన్నమాట. నడుమ అరిగి అంచులు నిలిస్తే గాలి ఎక్కువైంది, అంచులు అరిగి నడుమ నిలిస్తే తక్కువైంది. గాట్ల అడుగున అడ్డంగా చిన్న దిమ్మెలుంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. పై రబ్బరు వాటితో సమానమైందంటే ఆ టైరు ఆయుష్షు తీరినట్టే. వానల్లో తిరిగే బండికైతే అంతదాకా కూడా ఆగకూడదు.

మావయ్యగారి కారుకి ముందు టైర్లు రెండూ ఆ దిమ్మెల దాకా వచ్చేశాయి. ఇంజను లాగేదీ స్టీరింగు తిప్పేదీ ముందు చక్రాలే కాబట్టి మొదట అవే పోతాయి. డబ్బు రెండింటికే ఉంది. కొత్తవి ఎక్కడ బిగించాలన్న దగ్గర దుకాణంలో పెద్ద గొడవ. అవి ముందుకే అని దుకాణదారు, అవునని మావయ్యగారు. వెనక్కి అని నేను. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే కారు తిన్నగా పోతుంది, స్టీరింగు తేలికైపోయి చేతికి తెలుస్తుంది, కాలు తీసి నెమ్మదించవచ్చు. వెనకవి జారాయంటే తోక తిరిగిపోతుంది, తెలిసేలోపే బండి అడ్డం తిరుగుతుంది. జులైలో వాన, పైగా బొగ్గు లారీలు రాల్చిన బురద పొర ఉన్న రోడ్డు మీద ఆ తోకని పట్టుకోవడం మనవల్ల కాదు. టైర్ల కంపెనీలు చెప్పేదీ ఇదే. కాస్త గాట్లున్న పాత వెనకవి ముందుకొచ్చాయి, కొత్తవి వెనక్కి వెళ్లాయి. "గార్డు పెట్టె గట్టిగా ఉండాలంటావు" అని ఆయన సర్దుకున్నారు.

తర్వాతి ఖర్చంతా గాలికే, అదీ చాలాచోట్ల ఉచితం. బంకులో కుర్రాడు "కిత్నా?" అంటాడు. మనం బదులివ్వకపోతే ముప్పై అయిదు కొట్టేస్తాడు. మన కారుకి సరైన అంకె డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉంటుంది, అది నోటికి రావాలి. చూసేది పొద్దున్నే, చల్లటి టైరు మీద. వాతావరణం పది డిగ్రీలు మారితే గాలి ఒకటిన్నర రెండు పాయింట్లు మారుతుంది. దసరాకి కొట్టించి మరిచిపోతే డిసెంబరు చలికి టైరు దిగిపోయి ఉంటుంది. మధ్యాహ్నం వేడెక్కిన టైరులో ఎక్కువ చూపించిందని గాలి తీసేసేవాళ్లూ ఉన్నారు, అది ఇంకా తప్పు. గాలి తక్కువైన టైరుకి పక్కలు నలిగి లోపల వేడి పుడుతుంది, ఎండాకాలం పేలేవి సాధారణంగా అవే. నైట్రోజన్‌కి డబ్బులివ్వడం నాకు ఇష్టం ఉండదు. మామూలు గాలిలో 78 శాతం అదే కదా!

ఆ రోజే డిక్కీలో స్టెపినీ తీయించాను. గాట్లు చెక్కుచెదరలేదు, పక్కన 1413 అని ఉంది. "ఒక్కనాడూ వాడలేదు, కొత్తదే" అని మావయ్యగారు మురిసిపోయారు. 2013 ఏప్రిల్‌లో పుట్టిన టైరు అది. బీటలు చూపించాను, గాలి చూపించాను, పన్నెండే ఉంది. మార్చడానికి ఆయన ఇంకా ఒప్పుకోలేదు. గాలి మాత్రం నింపించారు.