విత్తనపు చెట్టు

తీపి మిరప యనగానే అంగళ్లలోని బుంగమిరపయే మనకు స్ఫురించును గాని, దానికి దగ్గరి చుట్టమనదగిన మిరప యొకటి మన ఉత్తర తెలంగాణముననే కలదు. కాయ పొట్టిగా, గుండ్రముగా, చిన్న టమాటా వలె నుండుటచేత కొందరు దానిని టమాటా మిరప యందురు; వరంగల్లు రైతులు చపాటా యందురు. కారము స్వల్పము, వర్ణము మహోజ్జ్వలము. దాని పొడి పోసి పెట్టిన మామిడికాయ తొక్కు కంటికి నిండుగా నుండును, నాలుకను మాత్రము కాల్చదు. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది.

నేను చొప్పదండిలోని మా పెరటి ఎర్రచెల్కలో దీనిని పెంచుచున్నాను. మొదటి గింజలు జమ్మికుంట నుండి మా పెద్దమ్మ కొంగున ముడివేసికొని తెచ్చినవి. తొలియేడు నేను నిగనిగలాడు పండ్లను కోయబోగా ఆమె నా చేయి పట్టి ఆపినది: “బిడ్డా, ఆ చెట్టు జోలికి పోకు, అది ఇత్తనం చెట్టు.”

నాడు ఆ మాటలోని శాస్త్రము నాకు తెలియలేదు. మిరపపూవు తనలోని పుప్పొడితోనే ఫలించగలదు గాని, తేనెటీగలు మొదలగునవి పొరుగు చెట్ల పుప్పొడిని మోసికొని వచ్చుటయు కద్దు. ప్రక్క పెరటిలో ఘాటైన తేజ మిరప యున్నదనుకొందము. దాని పుప్పొడి సోకినను ఈ యేటి కాయ రుచి మారదు, ఏలయన కాయకండ తల్లిచెట్టు సొత్తు; సంకరమెల్ల లోపలి గింజలో దాగియుండును. మరుసటి యేడు ఆ గింజనుండి మొలచిన చెట్టు చూపునకు చపాటా వలెనే యుండి, కొరికినప్పుడు మండవచ్చును. బుంగమిరపలో నీ ప్రమాదము మరింత స్పష్టము. దాని తీయదనము కారమునకు లోబడు గుణమగుటచే, కారపు మిరపతో కలిసి పుట్టిన తొలితరము కారముగనే కాయును.

కావున మొగ్గ విచ్చకముందే పాత ధోవతి గుడ్డతో చిన్న సంచి కుట్టి కొమ్మకు తొడిగి, చీమ దూరనంత బిగువుగా దారము చుట్టవలెను. ప్రతి ఉదయము ఆ కొమ్మను వ్రేలితో మెల్లగా తట్టినచో లోపలి పుప్పొడి రాలి పిందె కట్టును. పిందె కుదిరిన పిమ్మట సంచి తీసి, తొడిమకు ఎర్రదారము కట్టుదును. అది కూరకు కోయరాదను గుర్తు.

తక్కిన సేద్యము కష్టమైనది కాదు. ఆషాఢమున నారు పోసి, నలువది దినములకు నాటి, మేకయెరువు వేసి, మొదలున నీరు నిలువకుండ చూచిన చాలును. ఎండ తీవ్రమైనచో పూత రాలును గనుక మనకు చలికాలపు కాపే శ్రేష్ఠము.

ఎన్నుకోవలసినది పెద్ద కాయను గాదు, మంచి చెట్టును. ఒక్క చెట్టుకు ముచ్చటపడి దాని గింజలే దాచుట పొరపాటు. ఐదారు చెట్ల గింజలు కలిసియున్నచో వంశమునకు బలము. పండు చెట్టుననే ఎర్రబారి, తోలు ముడుతలు పడువరకు ఆగవలెను. పిమ్మట చీల్చి, గింజలను చాటలో నీడపట్టున ఆరబెట్టవలెను. వంచినప్పుడు గింజ వంగక టపుక్కున విరిగెనా, ఆరినట్లే. వాటిని జల్లించిన బూడిదతో కలిపి, ఆనిగెపుకాయ బుర్రలోనో సీసాలోనో మూతి బిగించి దాచుదురు. రెండేండ్లు దాటినచో మొలక తగ్గును; అనగా ఈ నిధి దాచినంత మాత్రమున దక్కదు, మరల మరల విత్తుచుండవలెను.

అంగడి సంకరవిత్తనమును నేను నిందింపను; పొలమున దిగుబడికై అది రైతునకు అవసరమే. కాని దాని గింజలు తల్లిని పోలిన కాపు నీయజాలవు గనుక ఏటేట కొనక తప్పదు. సొంత విత్తనమును దాచుకొనుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు, ముద్రపేరు లేకుండ అమ్ముకొనుటకు రైతునకు గల హక్కును 2001 నాటి చట్టము గుర్తించినది. జహీరాబాదు ప్రాంతపు స్త్రీలు బుట్టలలో, కుండలలో విత్తనములు దాచి, అడిగినవారికి పంచుచు ఆ హక్కును ఇప్పటికిని ఆచరణలో నిలుపుచున్నారు. మా పెద్దమ్మ చట్టము నెరుగదు, కొంగుముడి నెరుగును.

ఈ యేడు ఆరు చెట్లకు ఎర్రదారము కట్టితిని. నిన్న ప్రొద్దున ఒకదాని చివురులు ముడుచుకొనుచున్నట్లు కనబడగా, మనసొప్పకపోయినను, దాని దారము విప్పివేసితిని.